కత్తిపీటకు నెత్తురు పరీక్ష

మా వియ్యపురాలిని అడిగితే, నా మనవడు అలా పుట్టడానికి కారణం మా ఇంటి కత్తిపీట. కడుపుతో ఉన్న మా అమ్మాయి పామర్రులో మా ఇంట్లో గ్రహణం పట్టిన వేళ చేప కోసిందట. కోసింది నేను. మా ఆయన పోయినప్పటి నుంచి చేపలమ్మి బతుకుతున్నదాన్ని, గ్రహణమని కత్తి కింద పెడితే నాకు కూడు ఎవరు పెడతారు? అమ్మాయి పక్కన కూర్చుని చింతపండు పిసికింది, అంతే. ఆ పులుసు మారు వడ్డించుకుని మరీ తిన్నది అల్లుడు. ఆ సంగతి వాళ్లెవరూ ఎత్తరు.

మనవడికి నాలుగేళ్లు. నడక ఆలస్యం, మాటలు తక్కువ. డౌన్ సిండ్రోమ్ అన్నారు బెజవాడ డాక్టరమ్మగారు. నేను వెళితే నీచువాసన అనకుండా మెడకు చుట్టుకుంటాడు. చుట్టాలొస్తే వాణ్ణి లోపలి గదిలో పెట్టి తలుపేస్తుంది వాళ్ల నాయనమ్మ.

అమ్మాయికి మళ్లీ నెల తప్పింది. డాక్టరమ్మగారు పిల్లాడి రక్తం పరీక్ష చేయించి, అల్లుడి ఎదుటే విడమరిచి చెప్పారు.

"వీడిలో ఒక క్రోమోజోము ఎక్కువగా వచ్చి, ఇంకోదానికి అతుక్కుని ఉంది. ఆ అతుకు అమ్మలోనో నాన్నలోనో ఉండొచ్చు. వాళ్లకేమీ తెలియదు, బిడ్డల దగ్గర బయటపడుతుంది. మీ ఇద్దరి రక్తం చూస్తే, ఈసారి ఉమ్మనీరు తీసి చూడాలో అక్కర్లేదో చెబుతాను. ఆలస్యం చేయకండి."

అమ్మాయి అప్పుడే ఇచ్చింది. ఆమెలో ఏ అతుకూ లేదని తేలింది. అల్లుడు మాత్రం రేపు, ఎల్లుండి అంటూ కూర్చున్నాడు. బ్యాంకు ఉద్యోగం, మెడలో కార్డు. సూదంటే భయం లేదు మహానుభావుడికి, అమ్మంటేనే భయం.

గుణదలలో వాళ్లింటికి వెళ్లి అడిగాను. వియ్యపురాలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"మగాడి నెత్తురెందుకు వదినగారూ? మా వంశంలో ఇలాంటివి లేవండీ."

"లేకపోతే ఇవ్వడానికేం?"

"మా చిన్నాడికి సంబంధం కుదిరేలా ఉందండీ. ఇలాంటిదేదో ఉందని తెలిస్తే పిల్లనెవరిస్తారు?"

అదీ అసలు సంగతి. పుట్టబోయే బిడ్డ ఎలా ఉంటుందోనని నా కూతురు తిండి మానేస్తే, ఈవిడకు పెళ్లిచూపుల బెంగ. థూ!

మర్నాడు కత్తిపీటను గోనెసంచిలో చుట్టి బస్సెక్కాను. తీసుకెళ్లి వాళ్ల సోఫా ముందు దించాను.

"ఇదిగోండి మీ దోషి. ముందు దీని నెత్తురు తీయించండి. రిపోర్టు వచ్చేదాకా నేనిక్కడే కూర్చుంటాను. పెళ్లివారొస్తే వాళ్లకీ చూపిస్తాను."

"మెల్లగా, వదినగారూ! పక్క ఫ్లాటువాళ్లు వింటారు!"

"అత్తయ్యగారూ, ముందది సంచిలో పెట్టండి" అంటూ అల్లుడు చొక్కా తొడుక్కున్నాడు.

అతుకు అతనిలోనే ఉంది. ఉమ్మనీరు తీశారు. ఫలితం వచ్చేదాకా అమ్మాయి నా చెయ్యి వదల్లేదు. ఈ బిడ్డకూ తండ్రిలాగే ఆ అతుకుంది కానీ, ఎక్కువ వచ్చిందేమీ లేదు, భయపడక్కర్లేదన్నారు డాక్టరమ్మగారు. మా అమ్మాయి అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చింది.

వియ్యపురాలు మాత్రం, ఆసుపత్రివాళ్లు తన కొడుకు నెత్తురు మార్చేశారని చెప్పుకుంటోంది. అమ్మాయి ఇప్పుడు నా దగ్గరే ఉంది. నిన్న ఫోను చేసింది ఆ మహాతల్లి.

"వదినగారూ, మళ్లీ గ్రహణం వస్తోందండీ. అమ్మాయిని కత్తి ముట్టనివ్వకండి."

"ముట్టదండీ. ఎప్పటిలాగే నేనే కోస్తాను. మీ అబ్బాయికి పులుసు డబ్బాలో పెట్టి పంపిస్తాను."