గూళ్ళు లేని గూళ్ళ మార్కెట్

హిందూపురంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో మూడు చరకాలు ఉండేవి. మార్కెట్లో కొన్న పట్టుగూళ్ళను మరిగే నీళ్ళలో ఉడకేసి అమ్మ దారం తీసేది. ఆ నీళ్ళకు ఆమె వేళ్ళు ఎప్పుడూ తెల్లగా నాని, చర్మం లేచిపోయి ఉండేవి. ఆ దారం ధర్మవరం మగ్గాలకు పోయేది. రెండు వేల సంవత్సరం దాటాక చైనా దారం వచ్చి పడింది. ఇక మా దారాన్ని అడిగే నాథుడు లేడు. చరకాలు పీకేసి కూలికి పోవాలా, ఇంకొన్నాళ్ళు ఓర్చుకోవాలా అన్నది అమ్మకు తేలలేదు.

అప్పుడే ధర్మవరంలో పట్టు శాఖవాళ్ళు మీటింగు పెట్టారు. టర్కీలో బుర్సా అనే ఊరు వందల ఏళ్ళుగా పట్టుకు పేరుపడిందట, ఒక ఆఫీసరు సర్కారు ఖర్చుతో పోయి చూసి వచ్చాడట. "ఆ ఊరోళ్ళు ఎట్ల నిలబడినారో తెలిస్తే మనకూ దోవ దొరుకుతాది" అని అమ్మ పొయ్యి ఆర్పేసి, కాలేజీకి పోవాల్సిన నన్ను వెంటబెట్టుకుని ప్యాసింజరు రైలెక్కింది.

ఆఫీసరు తెర మీద ఫోటోలు వేశాడు. ఒట్టోమాన్ సుల్తానుల తొలినాటి రాజధాని. ఇరవై గుమ్మటాల మసీదు, దాని లోపలే నీళ్ళ తొట్టి. పచ్చ పలకల సమాధి. వేడినీటి స్నానశాలలు. తీగల మీద పోయే పెట్టెలో కూర్చుంటే మంచుకొండ. ప్రతి ఫోటోలోనూ నల్ల కళ్ళద్దాలతో ముందు ఆయనే! మసీదు చూడాలంటే ఆయన భుజం పక్కనుంచి తొంగి చూడాలి. కబాబు మీద వెన్న ఎట్లా కాచి పోస్తారో చెప్పడానికే చాలాసేపు పట్టింది. నాకు ఒళ్ళు మండిపోతోంది. అమ్మ మాత్రం ఓపిగ్గా కూర్చుంది.

చివరికి రెండంతస్తుల రాతి కట్టడం వచ్చింది. మధ్యలో చెట్ల నీడ, టీ తాగుతున్న జనం. "ఇది గూళ్ళ మార్కెట్. ఐదు వందల ఏళ్ళ నాటిది" అన్నాడు. అమ్మ ముందుకు వంగి చూసింది.

"గూళ్ళు యాడుండాయి సారూ?"

"ఇప్పుడు గూళ్ళు రావమ్మా. అంతా స్కార్ఫుల అంగళ్ళే. టూరిస్టులు ఎగబడి కొంటారు" అన్నాడు మురిసిపోతూ.

"మరి ఆడ దారం తీసే ఆడోళ్ళు ఏమైనారు?"

"అది నేను అడగలేదమ్మా" అని నవ్వి, తర్వాతి ఫోటోకు పోయాడు.

సముద్రాలు దాటి పోయినవాడికి ఆ ఒక్క మాట అడగడానికి నోరు రాలేదు! కబాబు తినడానికి మాత్రం వచ్చింది. గట్టిగా కడిగేద్దామని లేచాను. అమ్మ మోచెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

తిరుగు రైలు పెనుకొండలో ఆగినప్పుడు అమ్మ కొండమీది కోట వైపు చూసింది. "అదీ ఒకప్పుడు రాజులుండిన రాజధానే గదా. చూసేకి జనం వస్తాంటారు. ఆడ బతికినోళ్ళు యాడికి పోయినారని ఎవురన్నా అడిగినారా?" అంది.

ఆ ఏడాదే రెండు చరకాలు పాతసామాన్లవాడి బండెక్కాయి. అమ్మ బట్టల ఫ్యాక్టరీలో దారాలు కత్తిరించే పనికి కుదిరింది. మూడోది షెడ్డులోనే ఉండిపోయింది.

కొన్నేళ్ళకు కెమెరాతో ఒకాయన వచ్చాడు. పాతకాలపు పనిముట్ల ఫోటోలు తీస్తున్నాడట. చరకా చుట్టూ తిరిగాడు, ఎన్నేళ్ళ నాటిదన్నాడు, ఏ కట్టె అన్నాడు. అప్పుడే పని నుంచి వచ్చిన అమ్మ షెడ్డు వాకిట్లో నిలబడి చూస్తోంది.

"కొంచెం పక్కకు జరగండమ్మా, దానిమీద మీ నీడ పడుతోంది" అన్నాడు.

అమ్మ జరిగింది.