జె, ఎక్స్ ఉన్న పొడుగు మాట

నిన్న కుట్టుమిషనుకు నూనె వేస్తుంటే రెండు చుక్కలు వేళ్ల మీద పడ్డాయి. ఆ వాసన ముక్కుకు తగిలిందో లేదో, నా నోట్లోంచి ఒక ఇంగ్లీషు మాట ఊడిపడింది: జక్స్‌టపొజిషన్. పక్కన బియ్యం ఏరుతున్న కోడలు హడలిపోయి, "ఏమైందత్తమ్మా, సూది గుచ్చుకుందా?" అంది. ఆ మాటకు అర్థమేమిటో నాకు చాలా ఏళ్ల వరకు తెలియదు. తెలిశాక ఒరిగిందీ ఏమీ లేదు. కానీ ఆ మాట ఒకసారి నా ఉద్యోగాన్ని మింగబోయింది. మింగనివ్వకుండా అడ్డం నిలబడ్డ మనిషి సత్తార్ సాబ్. ఆయన సంగతి చెప్పాలి.

డెబ్బైల నాటి ముచ్చట. మాది గోదావరిఖని. బొగ్గుబాయిలో మా బాపు నడుం దెబ్బతిని మంచం పడితే, ఆయనకు బదులు నాకు బాయి ఆఫీసులో టైపిస్టు పని ఇచ్చారు. షరతు ఒక్కటే. ఏడాది తిరిగేలోపు టైపు పరీక్ష పాసవ్వాలి. తప్పితే ఉద్యోగం పోతుంది, దానితోపాటు మేముండే క్వార్టరూ పోతుంది. నాకేమో టైపు మిషను ముందు నుంచి చూడాలో వెనక నుంచి చూడాలో కూడా తెలియదు. సత్తార్ సాబ్ అక్కడ హెడ్ టైపిస్టు. బొగ్గు ఊళ్లో రోజూ తెల్లబట్టలే కట్టే మొండిమనిషి. మొదటిరోజు నా వేళ్లు చూసి, "పిండి పిసికే చేతులు, బలమున్నది. ఫికర్ చెయ్యకు బిడ్డా, నేర్సుకుంటవు" అన్నాడు. మెచ్చుకున్నాడో వెక్కిరించాడో ఇప్పటికీ తేల్చుకోలేదు.

మా ఆఫీసు కిటికీలకు ఎదురుగానే బొగ్గు జల్లించే షెడ్డు. గాలి ఇటు తిరిగిందంటే చాలు, మిషన్ల నిండా బొగ్గుపొడి. పొద్దున వచ్చేసరికి ఏవో రెండు మూడు అక్షరాలు బిగుసుకుని కూర్చునేవి. నూనె వేసినా, కిరసనాయిలు బ్రష్షుతో కడిగినా కదిలేవి కావు. కొత్తలో నేను బిగిసిన అక్షరాన్ని పట్టుకుని టకటకా బాదాను. సత్తార్ సాబ్ పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "అరె, ఒక్కదాన్నే పట్టుకొని కొడ్తే చువ్వ వంగుతది బేటీ! పొడుగు మాటల నడుమ పెట్టి నడిపియ్యి. పక్కోళ్లతోని కలిసి అదే కదుల్తది." ఆ తర్వాత కళ్లు పెద్దవి చేసి, "ముందుగాల చిత్తుకాగితం ఎక్కించు. అసలు కాగితం మీద కసరత్తు చేసినవంటే నేను ఊకోను" అన్నాడు. అదీ మా ఆఫీసు రివాజు. బిగిసిన అక్షరాలన్నీ ఒకే మాటలో దొరికితే పని జల్దీ అవుతుంది. అందుకని సాయంత్రం వెళ్లేముందు ఆయన ఆర్డరేసేవాడు: "రేపటికి క్యూ, జెడ్. పొడుగు మాట తేవాలె." అర్థం అడిగితే నవ్వేవాడు. "మిషన్‌కు అర్థమెందుకు బిడ్డా?"

ఆఫీసంతటికీ ఆ పిచ్చి పట్టింది. అటెండరు మల్లేశన్న భార్య దగ్గుకు మందు తెస్తానని దవాఖానకు పోయి, అక్కడి సీసా మీద ఉన్న హైడ్రాక్సైడ్‌ను అరచేతి మీద రాసుకుని పరుగున వచ్చాడు. "ఎక్స్, వై రెండూ ఉన్నయ్ సాబ్!" అని ఒకటే సంబరం. మందు మాత్రం అక్కడే మరిచాడు. ఆ రాత్రి ఇంట్లో ఆయనకు తిట్లు ఏ భాషలో పడ్డాయో మాకు చెప్పలేదు. మా బాపుకు ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. అయినా మంచం మీద బోర్లా పడుకుని, మిర్చిబజ్జీలు కట్టిచ్చిన పేపర్లు ముందేసుకుని వెతికేవాడు. "కొక్కెం లెక్క ఉన్నది జె, కత్తెర లెక్క ఉన్నది ఎక్స్, గంతే గద?" అనేవాడు. సత్తార్ సాబ్ జె, ఎక్స్ తెమ్మన్ననాటి రాత్రి, "దొరికింది బిడ్డా! రెండూ ఒక్కతాన్నే ఉన్నయ్!" అని కేకేశాడు. నూనె మరకలో మెరుస్తూ జక్స్‌టపొజిషన్. దెబ్బ తగిలిన తర్వాత ఆయన అంత గట్టిగా నవ్వగా చూడటం అదే మొదలు. మర్నాడు సత్తార్ సాబ్ ఆ మాట చూసి చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. "మీ బాపుకు సలాం చెప్పు" అన్నాడు.

పరీక్షరోజు బయటినుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. గాలి కూడా వచ్చింది. మందుగుండు సామాను పంపమని అడిగే ఉత్తరం టైపు చేయాలి. సగందాకా బాగానే లాగాను. ఎక్స్‌ప్లోజివ్స్ అనే మాట దగ్గర ఎక్స్ మొరాయించింది. నా బుర్ర ఆగిపోయింది, వేళ్లు ఆగలేదు. అలవాటు కొద్దీ, అసలు కాగితం మీదే, బాపు తెచ్చిన మాటను మూడుసార్లు దంచేశాయి. ఎక్స్ కదిలింది. మిగతాది చకచకా కొట్టేసి కాగితం ఇచ్చాను. చేసిన ఘనకార్యం అప్పుడు కనబడింది నాకు.

ఆఫీసరు కళ్లజోడు సర్దుకుని గట్టిగా చదివాడు. "మా గనికి జక్స్‌టపొజిషన్ జక్స్‌టపొజిషన్ జక్స్‌టపొజిషన్ ఎక్స్‌ప్లోజివ్స్ వెంటనే పంపగలరు." తలెత్తి నన్ను చూశాడు. "ఇదేం రకం మందుగుండమ్మా? నేనెప్పుడూ వినలేదే!" మల్లేశన్న నవ్వాపుకోలేక బయటికి పరుగెత్తాడు. నాకు మాత్రం ఇంటి సామానంతా రోడ్డు మీద కనబడింది, దాని పక్కన బాపు మంచం. అప్పుడు సత్తార్ సాబ్ లేచాడు. "తప్పు నాది సార్. కాగితం మీద్నే గట్ల కొట్టుమని నేనే నేర్పిన." నేను బిత్తరపోయి చూశాను. చిత్తుకాగితం లేకుండా ఆయన నన్ను ఒక్క అక్షరం కొట్టనిస్తే గదా! ఆఫీసరు మొహం ఎర్రబడింది. "ఇన్నేళ్ల సర్వీసు మీది! ఇదా నేర్పేది?" సత్తార్ సాబ్ తల వంచుకుని, "జీ సార్. పిల్లకు ఇంకొక్కపాలి మోఖా ఇయ్యండి" అన్నాడు. తన మిషను ఎత్తుకొచ్చి నా ముందు పెట్టాడు.

పాసయ్యాను. సత్తార్ సాబ్‌కు మెమో వచ్చింది, ఆయన సర్వీసులో మొట్టమొదటిది. మెమో అంటే ఎవరో ఒకరు టైపు చేయాలి గదా? మేనేజరు రాసిచ్చిన చిత్తుప్రతి తెచ్చి నా బల్ల మీదే పడేశారు. పర్మనెంటు అయ్యాక నేను కొట్టిన తొలి కాగితం అది. కళ్లనిండా నీళ్లు, అక్షరాలు కనబడవు. వెనక నిలబడి ఆయనే, "నిర్లక్ష్యం కాడ కామా పెట్టు బిడ్డా" అని చెబుతున్నాడు. అయిపోయాక తీసుకుని మొత్తం చదివాడు. "ఒక్క తప్పు లేదు, షాబాష్!" అని సంతకం చేసి, చాయ్ తెమ్మని మల్లేశన్నను పంపాడు.

తర్వాత నేనూ హెడ్ టైపిస్టునయ్యాను. నా కింద ఎంతమంది ఆడపిల్లలు పని నేర్చుకుని పోయారో. వాళ్లు ఏ కాగితం పాడుచేసినా, ఆఫీసరు గొంతు లేవగానే నా కాళ్లు వాటంతటవే లేచి నిలబడేవి. "తప్పు నాది సార్, నేనే నేర్పిన" అనేదాన్ని. నాకు వచ్చినన్ని మెమోలు ఆ ఆఫీసులో ఇంకెవరికీ రాలేదు. రిటైరైననాడు అవన్నీ కట్టగట్టి ఇంటికి తెచ్చుకున్నాను. వాటిలో ఒక్కటి కూడా నేను నేర్పిన తప్పు కాదు.