గడప దాటిన చీర

పార్శిల్ కవరు చింపగానే గుప్పుమనే ప్లాస్టిక్ వాసన నాకు ఇప్పటికీ పడదు. మొన్న మా అమ్మాయి ఫోన్‌లో తెప్పించుకున్న చుడీదార్ విప్పగానే, దాన్ని అందుకుని వాకిట్లోకి నడిచాను. "షురూ అయింది మా అమ్మ ఎండ పరీక్ష!" అని అది నవ్వింది. ఆ పరీక్ష నాది కాదు, లక్ష్మక్కది.

సిద్దిపేటలో లక్ష్మక్కకు చీరల దుకాణం ఉండేది. పెళ్లికి ముందు నుంచీ నేను అక్కడే పనిచేశాను. ట్యూబులైటు కింద చూసి ఎవరైనా చీర కొంటానంటే ఆవిడ ఒప్పుకునేది కాదు. గడప దాటించి, ఎండలో పట్టుకుని, "గిప్పుడు చూడు బిడ్డా. గిదే అసలు రంగు" అనేది. ఎండలో చూశాక వద్దని వెళ్లిపోయేవాళ్లు ఎందరో! వచ్చిన బేరాన్ని చేతులారా సాగనంపడమేమిటని నాకు ఒళ్లు మండేది.

తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. జనాన్ని తప్పుపట్టలేను. కోహెడ నుంచి బస్సెక్కి వచ్చి చీర కొనాలంటే ఒక రోజు కూలి పోతుంది. ఫోన్‌లో అయితే పొయ్యి దగ్గర కూర్చునే చూడవచ్చు, నచ్చకపోతే తిప్పి పంపవచ్చు. మా దుకాణంలో మాత్రం 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అనే బోర్డు దర్జాగా వేలాడేది. ఫోన్‌లో చూసిన రంగొకటి, ఇంటికి వచ్చిన రంగొకటి అని తిట్టుకునేవాళ్లు కూడా మళ్లీ ఫోన్‌లోనే కొన్నారు. మేం ఈగలు తోలుకుంటూ కూర్చున్నాం.

"ఈ బతుకమ్మకు గిరాకి కాకుంటే షటర్ దించుడే" అంది అక్క ఒకరోజు. నాకు భయం వేసింది. ఆ పని తప్ప నాకు వేరే పని రాదు.

పండుగ దగ్గర పడ్డాక మిరుదొడ్డి నుంచి మా పాత గిరాకీ సుజాత వీడియో కాల్ చేసింది. కాలు విరిగి మంచం మీద ఉందట. లైట్లన్నీ వేసి నెమలిపింఛం రంగు పట్టుచీర చూపించాను. "మస్తుందక్కా, గదే పంపు" అంది. నా ప్రాణం లేచి వచ్చింది. అంతలో లక్ష్మక్క వచ్చి చీర అందుకుని గడప దాటింది.

"ఫోన్ గిటు పట్టు" అంది నాతో.

ఎండలో ఆ నీలం కాస్తా ఆకుపచ్చకు తిరిగింది. సుజాత మొహం చిన్నబోయింది. "గిదేంది, పచ్చగున్నది? నాకు నీలమే గావాలె."

"అందుకే చూపిస్తున్న బిడ్డా. నువ్వడిగిన నీలం మా తాన లేదు."

కాల్ అయిపోగానే నేను ఊరుకోలేకపోయాను. "షటర్ దించుడే అంటివి గదక్కా! కొంటున్నామెను నువ్వే చెడగొడితివి!"

అక్క చీర మడత పెడుతూ నెమ్మదిగా అంది. "ఫోన్ల అన్నీ ఉన్నయి, గడప ఒక్కటే లేదు. మనం గూడ గడప దాటకపోతే దానికి మనకు ఫరక్ ఏమున్నది?"

ఆ మంచితనానికి దుకాణం నిలబడిందని రాయాలని ఉంది కానీ, నిలబడలేదు. మరుసటి ఏడాదే షటర్ దించేశాం. ఆ రోజు అమ్ముడుపోని ఆ నెమలిపింఛం చీరనే అక్క నాకు పెట్టింది. ఊరికే ఇచ్చే చీరను కూడా ముందు గడప దాటించి, ఎండలో పట్టుకుంది. "మంచిగ చూస్కో, పచ్చగుంటది. తర్వాత నన్ను అనొద్దు" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

అక్క పోయి కొన్నేళ్లయింది. ఇప్పుడు నేనూ ఇంటి నుంచి ఫోన్‌లోనే చీరలు అమ్ముతున్నాను. ముసురు పట్టిన రోజుల్లో, ఎవరెంత తొందరపెట్టినా, చీర చూపించను.