పాత బజారులో శాకాహార తనిఖీ

రిటైర్మెంటుకు రెండేండ్ల ముందు, పసుపు సీజన్ ఊపందుకున్న ఫిబ్రవరిలో, ఆర్మూర్‌లో నాకొక డ్యూటీ పడింది. అప్పుడు నేను ఆ ప్రాంతానికి ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌ను. హోటళ్లు, కిరాణా దుకాణాలు, మిఠాయి బండ్లు తనిఖీ చేయడం, అనుమానం వచ్చిన సరుకు నమూనా తీసి ల్యాబ్‌కు పంపడం మా పని. మా పైన డిజిగ్నేటెడ్ ఆఫీసర్ ఉంటారు. లైసెన్సు ఇచ్చేదీ, ఆపేదీ ఆయనే. ఆయన ఫోన్ చేసి, ఆర్మూర్ పాత ఊరిలో పర్యాటకుల కోసం ఒక నడకదారి తయారవుతోందని, దానికి చిన్న పుస్తకం వేస్తున్నారని చెప్పారు. అందులో శాకాహారులకు అనువైన భోజనం గురించి ఒక పేజీ ఉంటుందట. హైదరాబాద్ నుంచి వచ్చే సలహాదారుకు నాలుగు చోట్లు చూపించి, ఒక్కోదానికి తనిఖీ ఫారం నింపి పంపమన్నారు.

సలహాదారు పొద్దున పదింటికి కారు దిగాడు. యాభై దాటిన మనిషి. ఖాదీ కుర్తా, చేతిలో సొంత నీళ్ల సీసా. నా పేరు అడగకముందే తమది ఏడు తరాలుగా శాకాహార కుటుంబమని చెప్పాడు. తర్వాత, నేను మాంసం తింటానా అని అడిగాడు. తింటానన్నాను. అప్పటి నుంచి నాకు రెండడుగుల ముందే నడిచాడు. దారి తెలిసింది నాకు కాబట్టి, ప్రతి మలుపు దగ్గరా ఆగి నా కోసం చూడక తప్పలేదు.

పాత బజారులో చూడాల్సినవి ఉన్నాయి. పాత దొరల గడి గోడలు, చెక్కడపు పనితనమున్న టేకు దర్వాజలు, ఒకప్పుడు పసుపు నిల్వ చేసిన కొట్లు. ఆయన ప్రతి దర్వాజ ముందు నిలబడి ఫోటో తీసి, ఎంత అచ్చమైన జీవితం అనేవాడు. ఆ దర్వాజ తెరుచుకొని ఇంటివాళ్లు బయటికొస్తే, ఫోటోకు అడ్డం రాకుండా పక్కకు జరగమనేవాడు.

మొదట చూపిన టిఫిన్ సెంటర్ ఆయనకు పనికిరాలేదు. వీధి అవతల కోడిమాంసం దుకాణం ఉంది. మిఠాయి దుకాణం పనికొచ్చింది, యజమాని నుదుట బొట్టు చూసి. నెయ్యి ఎక్కడిదని మాత్రం అడగలేదు. నేను అడిగి రాసుకున్నాను.

మూడోది రాజవ్వ ఇల్లు. అరవై ఏండ్ల మనిషి. పాత ఇంటి అరుగు మీద జొన్నరొట్టెలు, పప్పు, పుంటికూర, పచ్చిపులుసు అమ్మేది. మార్కెట్ యార్డు హమాలీలు, ఆలూర్, కమ్మర్‌పల్లి నుంచి పసుపు తెచ్చిన రైతులు అక్కడే తినేవాళ్లు. నేనిచ్చిన రిజిస్ట్రేషన్ కాగితాన్ని అద్దం కట్టించి గోడకు తగిలించింది. చిన్న వ్యాపారికి లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలు. ఆమె కాగితం ఏనాడూ గడువు దాటలేదు.

సలహాదారు అరుగు ముందు నిలబడి, ఇక్కడ మాంసం వండుతారా అని అడిగాడు.

"వండ సారూ. నేనే ముట్ట. గుట్ట మీది దేవునికి మొక్కుకున్న. పదేండ్లాయె, గీ పొయ్యి మీద గుడ్డు గూడ ఉడకలే."

ఉల్లి, వెల్లుల్లి వాడతారా అన్నాడు.

"ఏస్త సారూ. ఉల్లిగడ్డ లేకుంట పచ్చిపులుసు ఎట్లయితది?"

అదీ రాసుకున్నాడు. కాసేపు అటూ ఇటూ చూసి, "మీది ఏ వాడమ్మా?" అన్నాడు. ఆమె వాడ పేరు చెప్పింది. మా దగ్గర వాడ పేరు చెబితే కులం చెప్పినట్టే. ఆయన పెన్నుకు మూత పెట్టాడు. రాజవ్వ పళ్లెంలో రొట్టె పెట్టబోతే, ఆకలి లేదన్నాడు.

సందు మలుపులో, ఈమెను పుస్తకంలో వేయడం కష్టమన్నాడు. వచ్చేవాళ్లలో పట్టింపు ఉన్నవాళ్లు ఉంటారట. నా ఫారంలో నీళ్లకు, గిన్నెలకు, నూనెకు, వండేవారి ఆరోగ్యానికి కాలమ్ ఉందని, వాడకు లేదని చెప్పాను.

"కొన్ని రాయం, చూసుకుంటాం" అన్నాడు. ఏడు తరాలుగా నేర్చుకున్నది అదేనేమో.

నాలుగోది మెయిన్ రోడ్డు మీది పెద్ద హోటల్. ఆకుపచ్చ బోర్డు, ఏసీ గది. అంతకు నాలుగు నెలల ముందు అక్కడ నల్లబడ్డ నూనె చూసి నేను రిపోర్టు రాస్తే, పైనుంచి సరిచేసుకొమ్మని నోటీసు పోయింది. సలహాదారు హోటల్ సేటును ఏమీ అడగలేదు. కూర్చొని భోజనం తెమ్మన్నాడు. రెండు జొన్నరొట్టెలు తిని, మూడోది అడిగి తెప్పించుకున్నాడు. "చూశారా, పెట్టే చేతిలో శుద్ధి ఉంటే రుచి వేరు" అని నాకు పాఠం చెప్పాడు.

ఆ చేయి ఎవరిదో నాకు తెలుసు. బయట వండించి తెచ్చే పదార్థం ఎక్కడి నుంచి వస్తుందో హోటల్ వాళ్లు రిజిస్టర్‌లో రాయాలి, తనిఖీలో మేము చూసి సంతకం పెట్టాలి. ఆ రిజిస్టర్‌లో రోజూ రాజవ్వ పేరే ఉండేది. నేను నోరు మూసుకొని ఫారం నింపుకోవాల్సింది.

"ఆ రొట్టెలు రాజవ్వ చేసినవి సార్. ఇందాక మీరు ఆకలి లేదన్న ఇంటి నుంచే ఆటోలో వచ్చినయి. రిజిస్టర్ తెప్పించమంటారా?" అన్నాను.

నములుతున్న దవడ ఆగిపోయింది. లేచి వెళ్లి చాలాసేపు నోరు పుక్కిలించాడు. దాచడమెందుకు, నాకు మస్తు సంతోషమైంది. సిగ్గుపడి తిరిగొస్తాడనుకున్నాను. సిగ్గు కాదు, కోపంతో వచ్చాడు. సేటును పక్కకు పిలిచి మెల్లగా ఏదో మాట్లాడాడు. సేటు తలూపడం మాత్రం కనిపించింది.

వారం తర్వాత మామూలు తనిఖీకి వెళితే, రిజిస్టర్‌లో రాజవ్వ పేరు ఆగిపోయి ఉంది. వంటగదిలో కొత్తగా రొట్టెల మిషన్ తిరుగుతోంది. అక్కడి నుంచి నేరుగా పాత బజారుకు వెళ్లాను. రాజవ్వ పిండి కలుపుతోంది. ఎప్పుడూ పక్కన కూర్చొని కూలికి రొట్టెలు కొట్టే ఆడమనిషి లేదు.

"నువ్వే చెప్పినవంట గద సారూ" అంది, తల ఎత్తకుండా.

ఆయన చేసింది తప్పు, అందుకే చెప్పానన్నాను.

"గాయన తప్పు గాయనకు ఎర్కలేదా? నా వాడ సేటుకు ఎర్కనే. రొట్టెలు పోతుండె, తిన్నోళ్లు తింటుండ్రి. మూడేండ్ల సంది సేటు ఊకుండె, నేను ఊకుంటి. నువ్వు ఊకోలేకపోయినవ్. గాయన నోరు కడుక్కొని పోయిండు. నేను ఎటు పోవాలె?"

సేటుతో మాట్లాడతానన్నాను. వద్దంది, ఇప్పటికే మాట్లాడింది చాలంది.

ఆఫీసుకు వచ్చి నాలుగు ఫారాలు పంపాను. అన్నిటికన్నా శుభ్రమైన వంట రాజవ్వదని రాశాను. సలహాదారు అడిగిన వాడ సంగతి విడిగా కాగితం మీద పెట్టాను. డిజిగ్నేటెడ్ ఆఫీసర్ ఫోన్ చేసి, ఇది ఆహార భద్రత కిందికి రాదని, ఆ కాగితం వెనక్కి తీసుకొమ్మని అన్నారు. నేను తీసుకోలేదు. అది ఏ ఫైల్లో చేరిందో నాకు తెలియదు. పుస్తకం వచ్చింది. శాకాహార పేజీలో హోటల్ ఫోటో వేసి, కింద సంప్రదాయ చేతిరొట్టె అని రాశారు. రాజవ్వ పేరు లేదు. ఆమె సాయంత్రాలు కూడా యార్డు గేటు దగ్గర గంప పెట్టి అమ్మింది. నేను రిటైరయ్యే నాటికి కూడా ఆమెకు హోటల్ ఇచ్చినంత గిరాకీ తిరిగి రాలేదు.

వంటగదిలో మాకు కనిపించే ప్రతి సంగతినీ చట్టం తనిఖీ పని కోసమే చూడనిస్తుంది. ఆ సంగతి రిపోర్టులో ఉండాలి, లేదా మా కడుపులో ఉండాలి. కొత్తగా చేరిన ఆఫీసర్లకు ఈ మాట నేర్పింది నేనే. భోజనాల బల్ల దగ్గర ఒక మనిషిని ఓడించడానికి అలాంటి సంగతిని వాడిందీ నేనే. ఆ సలహాదారు మీద నాకున్న చులకన ఇప్పటికీ రవ్వంత తగ్గలేదు. అయితే ఆ మధ్యాహ్నం ఆయన పోగొట్టుకున్నది మూడో రొట్టెలో సగం. మిగిలిందంతా రాజవ్వ పోగొట్టుకుంది.