తొట్టిలో మొదటి చేప

పొద్దున్నే కొట్టు తలుపు తీయగానే ఆవిడ చేసే మొదటి పని తిట్టడం. చెప్పులు గుమ్మం పక్కన విడిచి, ఇంకా దీపాలు వేయకముందే వెనకగదిలోకి వెళ్ళి, ఉప్పునీటి తొట్ల ముందు పాత స్టూలు జరుపుకొని కూర్చొని, ఒక్కొక్క చేపనూ విడివిడిగా తిట్టేది.

"ఏరా బద్ధకపోతూ, నీకింకా తెల్లారలేదా? ఒసేవ్ చారలదానా, మొగుణ్ణి మళ్ళీ మూలకి నెట్టావా? నువ్వేంట్రా పొట్టోడా, నిన్న తిన్నది అరగలేదా?"

గొంతు వినబడితే చాలు, చేపలన్నీ అద్దం దగ్గరికి వచ్చేవి. తిట్టు వెనకాలే తిండి వస్తుందని వాటికి తెలుసు. రానిది ఏదైనా ఉంటే దానికి ఒంట్లో బాగోలేదని లెక్క. అప్పుడు ఆవిడ తిట్లు టక్కున ఆగిపోయేవి. స్టూలు దిగి, ఆ తొట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చొని, "ఏమైందమ్మా?" అని అడిగేది. ఆ గొంతు కొట్టుకి వచ్చేవాళ్ళెవరూ విన్నది కాదు.

వాళ్ళు విన్న గొంతు వేరు. అందుకే ఆవిడకి మిరపకాయ అని పేరు పెట్టారు. చాటున కాదు, మొహం మీదే పిలిచేవారు. కొట్టు ఆవిడ అక్క మొగుడిది. ముందుగదిలో మంచినీటి చేపలు, మేత డబ్బాలు, రంగు గులకరాళ్ళు ఆయన చూసుకునేవాడు. వెనకగదిలో పద్నాలుగు ఉప్పునీటి తొట్లూ మిరపకాయ రాజ్యం. ఇరవై రెండేళ్ళ కిందట, అక్క పురిటికి సాయంగా నెల రోజులుండి పోదామని వచ్చిన మనిషి, ఒక మధ్యాహ్నం బావకి అన్నం పట్టుకొచ్చి, చావుబతుకుల్లో ఉన్న ఒక సముద్రపు చేప ముందు కూర్చుండిపోయింది. ఆ చేప బతికింది. ఈవిడ తిరిగి వెళ్ళలేదు. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే గుడ్డ తీసుకొని అద్దాలు తుడవడం మొదలుపెట్టేది. మాట ఎంత సాగితే అద్దం అంత మెరిసేది.

చేప కావాలని వచ్చినవాళ్ళని ఆవిడ అడిగే మొదటి ప్రశ్న, "మీ తొట్టి ఎంత?" ఒకాయన బిందెంత తొట్టికి, పెరిగితే పళ్ళెమంత అయ్యే చేప అడిగాడు.

"మీ స్నానాలగదిలో ఏనుగుని కట్టేస్తారా?" అంది.

"కట్టం."

"అయితే ఇదీ కట్టకండి. వెళ్ళండి."

ఆ మనిషి వెళ్ళాక బావ తల పట్టుకున్నాడు. "నువ్వు చేపలమ్ముతున్నావా మరదలా, పిల్లనిస్తున్నావా?"

"పిల్లనే ఇస్తున్నా బావా. అత్తారిల్లు చూడకుండా ఎవడైనా ఇస్తాడా?"

బావ చెడ్డవాడు కాదు. మధ్యాహ్నం ఎండ ముదిరితే తన ఫ్యాను తీసుకెళ్ళి వెనకగదిలో మరదలి వైపు తిప్పి, ఏమీ ఎరగనట్టు వచ్చేసేవాడు. ఒక ఏడు ఆవిడ జ్వరంతో నెలన్నర మంచం పట్టినప్పుడు, చేపలు తిండికి రావడం లేదని రోజూ పొద్దున్నే ఆ స్టూలు మీద తనే కూర్చొని, ఆవిడ తిట్లు గుర్తున్నంతవరకు అప్పజెప్పాడు. "సగం మర్చిపోయానే. చారలది నన్ను చూసి నవ్వింది," అని మంచం దగ్గరికొచ్చి చెప్పేవాడు.

ఆవిడ లేచి కొట్టుకి వచ్చిన మూడో రోజున గడియారాల తాత వచ్చాడు.

వీధి చివర మెట్ల కింద ఇరుకు గదిలో యాభై ఏళ్ళుగా గడియారాలు బాగుచేసే మనిషి. దారినపోయేవాళ్ళు టైమెంతని అడిగితే, కంటి దగ్గరున్న భూతద్దం తీసి, లేచి నిలబడి మరీ చెబుతాడు. ఆయన జేబులోంచి చేతిగడియారం డబ్బా ఒకటి తీసి, బల్ల మీద పెట్టి, మూత తీశాడు. లోపల దూది మీద వేలెడు చేప. పసుపుపచ్చగా ఉండవలసిన ఒళ్ళు బూడిదలా ఉంది. తోక లేదు.

"ఇది రెండోదమ్మా," అన్నాడు మెల్లగా. "నా చెయ్యే మంచిది కాదేమో."

"చెయ్యి కాదు తాతా, బుర్ర!" మిరపకాయ లేచి నిలబడింది. "నిన్నెవరు పెట్టమన్నారు ఉప్పునీటి తొట్టి? ఎంత తొట్టి?"

"రెండడుగులు."

"ఎన్నాళ్ళయింది?"

"నెల దాటింది. కళ్ళ డాక్టరు అరగంటకోసారి తలెత్తి కదిలేదేదైనా చూడమన్నాడు."

"వీధి ఉందిగా చూడ్డానికి!"

"వీధిలో అందరూ తొందరగా పోతుంటారమ్మా. చూస్తే నాకూ తొందర పుడుతుంది. చిన్న ముల్లు బిగించేటప్పుడు అది పనికిరాదు."

ఆ మాటకి ఆవిడ కోపం ఇంకాస్త పెరిగింది. "ఏమేం వేశావు అందులో? వరసగా చెప్పు."

తాత వేళ్ళు మడిచాడు. "మొదట ఒక నీలం చేప. రెండు వారాలకి నారింజ రంగువి రెండు. అందులో ఒకటి పోయింది. తర్వాత ఇసకలో పాకే ఈ పచ్చది. నీలంది అందరినీ కొడుతోందని చెబితే, దాన్ని భయపెట్టడానికని మీ బావగారు ఇంకోటిచ్చారు. తోక దగ్గర కత్తి ఉంటుందే, అది."

"సర్జన్ చేపా! పళ్ళెమంత పెరిగేదాన్ని రెండడుగుల తొట్టిలో!"

"ఇక తీసేద్దామనుకుంటున్నానమ్మా. నా కళ్ళ కోసం వాటి ప్రాణాలెందుకు? మిగిలిన నారింజది రెండ్రోజులుగా తిండి ముట్టలేదు. అదీ పోకముందే నువ్వు తెచ్చేసుకో." డబ్బా మూత జాగ్రత్తగా పెట్టి, గడియారం తిరిగిస్తున్నట్టు రెండు చేతులతో ఆవిడ వైపు జరిపాడు.

ఆయన మెట్లు దిగేదాకా మిరపకాయ ఎలా ఆగిందో ఆవిడకే తెలియాలి. ముందుగదిలోకి వచ్చిపడింది.

"బావా! మనిషివేనా నువ్వు? కొత్త తొట్టిలో మొదట నీలిగాణ్ణి వేస్తారా? పిల్లల బడికి పహిల్వాన్ని కాపలా పెడతారా ఎవరైనా? నేను మంచాన పడితే నీకు కళ్ళు కూడా పోయాయా?"

నీలిగాడంటే డామ్సెల్ చేప. బొటనవేలంత ఉంటుంది. చూస్తే నీలమణి, దగ్గరికెళితే కందిరీగ. ఎలాంటి నీళ్ళకైనా తట్టుకుంటుంది. తొట్టిలో ఒక్కసారి ఇల్లు కట్టుకుందంటే తర్వాత వచ్చినవాళ్ళని బతకనివ్వదు.

బావ మేత తూస్తున్నవాడు తూయడం ఆపాడు. ఎదురు తిరగలేదు. వెనకగది గోడ వైపు చెయ్యి చూపించాడు. "నా సొంత బుర్ర వాడితే తప్పు చేస్తానేమోననే, అది చూసి ఇచ్చాను మరదలా."

గోడకి మేకు. మేకుకి నాలుగైదు చేపల వలలు వేలాడుతున్నాయి. వలలు పక్కకి తీస్తే ఒక అట్ట. అంచులు ఉప్పుకి ఉబ్బిపోయాయి. అక్షరాలు మాత్రం చెక్కు చెదరలేదు.

"కొత్త తొట్టి పెట్టేవారికి. మొదట నీలిగాడు. రెండు వారాలు బతికితే నీళ్ళు మంచివి. తర్వాత మిగతావి."

చేతిరాత ఆవిడదే.

కొట్టులో చేరిన మొదటి ఏడు రాసింది. చేపలు తెచ్చి వేసే మనిషి చెబితే, వేదవాక్కులా రాసుకుంది. కొత్త ఉప్పునీటిలో తిండి మిగులు, మలం కుళ్ళి విషమవుతాయి. ఆ విషాన్ని తినేసే సూక్ష్మజీవులు రాళ్ళ మీద పెరగడానికి నెల పడుతుంది. అందాకా ఎవరో ఒకరు ఆ విషంలో బతికి చూపించాలి. గట్టిప్రాణం కాబట్టి నీలిగాడు. అదీ ఆ వ్యాపారంలో ఆచారం. రెండేళ్ళకి ఒకనాడు, మొప్పలు కాలిపోయి నీటిపైన నోరు తెరిచిన ఒక నీలిగాణ్ణి చూసి, ఆవిడ ఆ పని మానేసింది. వచ్చినవాళ్ళందరికీ, "నెల రోజులు ఖాళీగా ఉంచండి, చిటికెడు మేత వేసి కుళ్ళనివ్వండి, చేప వద్దు," అని నోటితో చెప్పింది. అట్ట మాత్రం తీయలేదు. దాని మేకుకే వలలు తగిలించింది. ఇరవై ఏళ్ళు రోజూ ఆ వలలు తీసింది, పెట్టింది.

"సర్జన్ చేప మాత్రం నా బుర్రే," అన్నాడు బావ నిజాయితీగా. "దానికి తిట్టు."

ఆవిడ తిట్టలేదు. ఒళ్ళంతా మండిపోతోంది, నోటి నిండా తిట్లున్నాయి, ఎవరి మీద వేయాలో తెలియలేదు. అట్టని మేకు మీంచి లాగితే మేకు కూడా ఊడి వచ్చింది. అట్ట చంకన పెట్టి, బకెట్టు, వల, నీళ్ళు పరీక్షించే మందు సీసా తీసుకొని వీధిలోకి నడిచింది.

గడియారాల గదిలో కూర్చోడానికి చోటు లేదు. గోడ నిండా గడియారాలు, ఒక్కో దానికి ఒక్కో టైము. తాత తన స్టూలు ఆవిడకిచ్చి తను నిలబడ్డాడు. ఆవిడ ముందు నీళ్ళలో మందు చుక్కలు వేసి చూసింది. రంగు మారలేదు. నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి.

అయితే చంపుతున్నది నీళ్ళు కాదు.

నీలిగాడు పెద్దరాయి సందులోంచి బాణంలా వచ్చి, అద్దం మీదున్న ఆవిడ వేలిని కొట్టాడు. సర్జన్ చేప ఈ గోడ నుంచి ఆ గోడకి, ఆ గోడ నుంచి ఈ గోడకి తిరుగుతోంది. నారింజ చేప పైమూలలో, నీటిగొట్టం వెనక, చినిగిన తోకతో గోడకి అతుక్కొని ఉంది.

"ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు," అంది ఆవిడ పళ్ళ మధ్య నుంచి. "ఇక్కడ ముందొచ్చిన చెవులకే కొమ్ములు మొలిచాయి."

సర్జన్ చేప ఒక్క వలకి దొరికి బకెట్టులో పడింది. నీలిగాడు దొరకలేదు. వల ఇటు పెడితే అటు సందు, అటు పెడితే ఇటు సందు. ఆవిడ తిడుతూ ఒక్కో రాయీ తీసి తాత ఇచ్చిన బేసినులో పెట్టింది. పదకొండు రాళ్ళూ బయటికొచ్చినా వాడు వలకి అందలేదు. నీళ్ళన్నీ ఇసకతో మురికయ్యాయి. ఆవిడ చెయ్యి ఊపినప్పుడల్లా నారింజ చేప గొట్టానికేసి కొట్టుకుంటోంది.

"రారా నువ్వు! నా చేతికి చిక్కితే..."

"కాస్త ఆగమ్మా," అన్నాడు తాత. "మూలనున్నది భయపడుతోంది."

ఆవిడ వల పైకి తీసింది. తాత చొక్కా చెయ్యి మడిచి, నూనె పోసుకునే ఖాళీ గాజుసీసా కడిగిందొకటి తీసి, దాన్ని నీళ్ళలో అడ్డంగా, మూతి ఇసక మీద ఆనేట్టు పట్టుకున్నాడు. మోచేతిదాకా నీళ్ళలో. ఇక కదల్లేదు. వేలిగోరంత చక్రం మీద ముల్లు నిలబెట్టే చెయ్యి అది. ఒక గడియారం గంట కొట్టింది. కాసేపటికి ఇంకోటి కొట్టింది. తాత రెప్ప కూడా ఆర్పినట్టు లేదు. ఇల్లు పోయిన నీలిగాడు తొట్టంతా తిరిగి, దూరడానికి మరో సందు లేక, సీసా చుట్టూ రెండుసార్లు తిరిగి, లోపలికి దూరాడు. తాత అరచెయ్యి మూతి మీద మెత్తగా మూసుకుంది.

"నీ చెయ్యి మంచిది కాదన్నావు," అంది మిరపకాయ.

సీసాని వెలుతురుకి ఎత్తి చూసింది. తిట్టడానికే ఎత్తింది. నీలిగాడి మొప్పల అంచులు ఎర్రగా కమిలి ఉన్నాయి. ఈ నీళ్ళని నీళ్ళుగా చేసింది వాడు. రెండు వారాలు విషం మింగి సంపాదించుకున్న ఇల్లు అది. అందులోకి రోజుకొకణ్ణి తెచ్చి వదిలితే ఊరుకుంటాడా? ప్రాణం పోసినవాడు రేపు లెక్క అడిగితే, ఈ రెండు చావులూ నీలిగాడి పేరున రాయడు. అట్ట మీద చేతిరాత ఎవరిదో చూస్తాడు.

"ఏమైందమ్మా?" అంది సీసాతో, పొద్దుటి గొంతుతో.

తాత విననట్టు తల తిప్పుకొని తువ్వాలు అందించాడు.

ఆవిడ రాళ్ళన్నీ తిరిగి పేర్చింది, కొత్తరకంగా, నారింజ చేపకి ఒక గూడు వచ్చేట్టు. "తొట్టి తీయకు తాతా. పదిహేను రోజులు ఇది ఒక్కటే ఉంటుంది. తోక మొలుస్తుంది. తర్వాత దీనికన్నా చిన్నదాన్ని జత తెస్తా. ఈ జాతిలో పెద్దది పెళ్ళామవుతుంది, చిన్నది నోర్మూసుకొని కాపురం చేస్తుంది. ఆఖర్న ఇసకలో పాకేదొకటి. అంతే, మూడు. నాలుగోది అడిగావో, కొట్టు మెట్లెక్కనివ్వను."

"అడగనమ్మా. మూడు ముళ్ళు చాలు గడియారానికైనా." నీటి మీద పడుతున్న వెలుతురు కేసి చూశాడు. "మరి ఈ నీలిగాడు?"

"నా దగ్గరే. వేరే తొట్టిలో. అమ్మకానికి కాదు."

వెళ్ళడానికి లేచింది. గుమ్మం దగ్గర ఆగింది. ఒక చేతిలో బకెట్టు, ఇంకో చేతిలో సీసా, చంకలో ఉప్పుకి ఉబ్బిన అట్ట. ఆవిడ కోపంగానే ఉంది. మాట మాత్రం తడబడింది. ఇరవై రెండేళ్ళలో ఆవిడ ఎవరినీ ఏదీ అడిగి ఎరగదు.

"తాతా, నాకొక సాయం చేసిపెట్టాలి. రోజూ వద్దులే, వారానికొకసారి, పొద్దున ఒక్క గంట మా కొట్టుకొచ్చి నా స్టూలు మీద కూర్చో. కొత్త తొట్టి పెడతామని ఎవరొచ్చినా, నీ తొట్టిలో ఏం జరిగిందో చెప్పు. ఈ అట్ట మీద మొదట నీలిగాణ్ణి వేయమని రాసింది నేనే, ఆ సంగతి కూడా చెప్పు, దాచకు. నేను చెబితే మిరపకాయ తిడుతోందని నవ్వి పోతున్నారు. నువ్వు చెప్పు తాతా. ఇందాక సీసా పట్టుకున్నావే, అలా చెప్పు."