తీసేసిన పిన్ను

రెండేళ్ల క్రితం విజయవాడలో ఒక చిన్న కంపెనీలో డిజైన్ ఇంజనీరుగా చేరాను. గ్యాస్ బావుల్లోకి ఉక్కు తీగతో దించే పనిముట్లు తయారుచేస్తాం. భాగాలు తగ్గించి డిజైన్‌ను తేలిక చేయడం నాకిచ్చిన మొదటి పని. ఒక పనిముట్టులో సన్నటి ఇత్తడి పిన్ను అనవసరమనిపించింది. డ్రాయింగ్ మార్చకుండానే ఆటోనగర్‌లోని లేతు మేస్త్రి మస్తాన్ గారికి ఫోన్ చేసి, అది వద్దన్నాను.

"లోపల ఇరుక్కుంటే తెగాల్సింది అదే కదమ్మాయ్? అది తెగితే పైభాగమైనా బయటికొచ్చుద్ది," అన్నారాయన.

"లెక్క చూశానండీ," అన్నాను. నిజానికి చూడలేదు.

నెల తిరక్కుండానే బందరు వైపు ఒక బావిలో ఆ పనిముట్టు ఇరుక్కుంది. పిన్ను లేకపోవడంతో తీగే తెగి, మొత్తం లోపలే ఉండిపోయింది. మా మేనేజరు మస్తాన్ గారిని పిలిపించి, పాత డ్రాయింగ్ ముందు పడేశారు.

"ఇంత స్పష్టంగా గీసున్న పిన్ను ఎందుకు పెట్టలేదయ్యా? నీకింక పనివ్వను."

మస్తాన్ గారు నేను చెబుతానేమోనని నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను.

"పొరపాటైందండీ," అన్నారాయన.

రెండు రోజులు అదంతా డైరీలో రాసుకుంటూ ఏడ్చాను. మూడో రోజు మేనేజరుకు నిజం చెప్పాను. మస్తాన్ గారికి పని తిరిగి ఇచ్చారు. క్షమించమని అడగడానికి ఆయన షెడ్డుకు వెళితే, కుర్చీ తుడిచి వేశారు.

"ఇకమీదట ఏదైనా కాగితం మీద రాసివ్వండి మేడంగారూ," అన్నారు.

తిట్టినా ఇంత బాధపడేదాన్ని కాదు. ఆయన మళ్లీ నన్ను అమ్మాయ్ అని పిలవలేదు. మేనేజరు నిలదీసిన రోజు ఆయన ఎదుటే ఒక్క మాట చెప్పలేకపోయినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతుంటాను.