జవాబు మటుకు మనిషే రాయాలి

మావ పోయాడని అత్త ఫోన్ చేసేసరికి నేను విశాఖపట్నంలో ఆఫీసు క్యాంటీన్‌లో ఇడ్లీ ముందు కూర్చుని ఉన్నాను. "మీ మావ ఎల్లిపోనాడే" అంది. ఏడవలేదు. డయాలసిస్‌కి బయల్దేరదీద్దామని పొద్దున్నే లేపబోతే లేవలేదట. శ్రీకాకుళం బస్సెక్కి కూర్చున్నాక గానీ నాకు ఏడుపు రాలేదు. వచ్చాక రణస్థలం దాకా ఆగలేదు.

మావ అంటే మా అమ్మకి తమ్ముడు. ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య పుట్టి, శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెప్పుకుని బతికిన మనిషి. ఆయన గురించి ఏ పత్రికలోనూ రాలేదు, రావాలని ఆయనా అనుకోలేదు. కానీ పాత డి.టి.పి. ఫాంటులో టైపు చేసిన తెలుగుని ఫోన్‌లో చదువుకునేలా యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాము మీలో ఎవరైనా ఉచితంగా దించుకుని వాడి ఉంటే, అది మా మావ రాసిందే అయ్యుండొచ్చు. అందుకే ఆయన గురించి మీకు నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ఉచితంగా ఇచ్చాడు కదా అని జనం ఊరుకోలేదు. వాడినవాళ్ళు తప్పులు పట్టారు. కొందరు ఆ తప్పులకి మందు కూడా తామే తయారుచేసి మెయిల్లో పంపేవారు. వాటిని ప్యాచ్‌లంటారు. ప్రోగ్రాములో ఏ వరస తీసేసి దాని చోట ఏ వరస పెట్టాలో చెప్పే చిన్న ఫైలు, అంతే. వచ్చిన ప్రతిదీ కళ్ళు మూసుకుని కలిపేస్తే మాత్రం రేపు ప్రోగ్రామే ఉండదు. ఒక అక్షరం దిద్దబోతే ఇంకో అక్షరం విరుగుతుంది. అందుకని మావ ప్రతి ప్యాచ్‌నీ చదవాలి, తన కాపీలో అతికించాలి, పాత పుస్తకాల పేజీలూ కరపత్రాలూ దాని మీద నడిపించి ఏమైనా చెడిందేమో చూడాలి, అప్పుడు పంపినవాళ్ళకి ఔననో కాదనో రాయాలి. ఒక్కో ప్యాచ్‌కి ఒక పూట పట్టేది. చదవడం కూడా పైకే చదివేవాడు. కలిపిన వరసల కంటే తీసేసిన వరసలు ముందు. "తీసేసిందేటో ముందు సూడాల. పెట్టింది ఎలాగూ కనబడతాది" అనేవాడు. ఆఫీసులో ఇప్పటికీ నేను అలాగే చదువుతాను, పక్కవాళ్ళు వింతగా చూస్తారు.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది ఆయన కిడ్నీలు పనిచేయడం మానేశాయి. మా ఉద్దానంలో అది వింత కాదు, ఏ వీధిలో అడిగినా ఎవరో ఒకరి పేరు చెబుతారు. కాలేజీ ఉద్యోగం మానేశాడు. రోజు విడిచి రోజు ఆస్పత్రి మంచం. కొబ్బరితోటల్లో పెరిగిన మనిషికి కొబ్బరినీళ్ళు కూడదన్నారు, మామూలు నీళ్ళు కూడా కొలిచి తాగమన్నారు. వాటికి ఆయన పెద్దగా బాధపడలేదు. ఎడంచేతికి సూదులు గుచ్చి అది కదపకూడదన్నారే, దానికి బాధపడ్డాడు. కుడిచెయ్యి అంతసేపు ఊరికే పడి ఉండటం ఆయనకి చేతకాలేదు. చిన్న ల్యాప్‌టాప్ ఒకటి, అప్పటికింకా వాళ్ళింట్లోనే ఉంటున్న నా చేత కొనిపించుకుని, ఒళ్ళో తలగడ వేసి దాని మీద పెట్టుకునేవాడు. ఒక ప్యాచ్ చూడటానికి ఎన్ని మీటలు నొక్కాలో అప్పుడు తెలిసింది. రెండు చేతులతో పూట పట్టే పని ఒంటిచేత్తో రోజంతా పట్టింది. ఇంటికొస్తే నీరసంతో కళ్ళు తెరిచేవాడు కాదు. మెయిళ్ళు పేరుకుపోయాయి. ఇంక వదిలెయ్యి మావా, ఎవరికైనా అప్పజెప్పెయ్యి అన్నాను. ఆయన నా మొహం ఒకసారి చూసి, మర్నాటి నుంచి స్క్రిప్టులు రాయడం మొదలుపెట్టాడు.

రోజూ వరసపెట్టి చేతితో చేసే పనుల్ని ఒకచోట రాసిపెట్టి, ఒక్క మాట కొట్టి కంప్యూటరు చేత చేయించుకోవడమే స్క్రిప్టు. వాటికి మావ మా ఇంటి మాటలే పేర్లు పెట్టాడు. 'సూడు' అని కొడితే మెయిల్లోంచి ప్యాచ్‌లు తెచ్చి పేర్చి చూపిస్తుంది. 'నూరు' అంటే ప్యాచ్ అతికించి, పాత పేజీలన్నీ దాని మీద నూరి, ఎక్కడ ఏ మాట చెడిందో చెబుతుంది. 'ఒగ్గీ' అంటే పక్కన పెట్టేస్తుంది. ఈ పేర్లు బయటివాళ్ళకి ఎలా తెలుస్తాయని నేను గొడవపడ్డాను. "తెలకపోతే అడుగుతారు. అడిగితే మాటాడొచ్చు కదేటి" అన్నాడు. నిజంగానే బెంగుళూరు నుంచి ఒకాయన 'ఒగ్గీ' అంటే ఏమిటని అడిగితే, మావ సంబరపడి పేజీడు జవాబు రాశాడు.

పూట పట్టే పని కాస్తా కాఫీ తాగినంతసేపటికి దిగింది. ఆస్పత్రిలో పక్క మంచం మీద భావనపాడు నుంచి వచ్చే ఒకాయన ఉండేవాడు, జబ్బు పడకముందు సముద్రం మీద చేపలవేటకి వెళ్ళిన మనిషి. మావ ప్యాచ్ చదవడం మొదలుపెడితే ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. అంతా అయ్యాక పాసైందా సార్ అని అడిగేవాడు. మావ ఇంకా లేదంటే, పంపినవాడి తరఫున వకాల్తా పుచ్చుకుని వాదించేవాడు. ఆ నెలల్లో మావ మొహం చూస్తే జబ్బు మనిషని ఎవరూ అనరు.

ఆ ఊపులోనే ఒక పొరపాటు చేశాడు. ఎవరో ఇంకొకరి ప్యాచ్‌ని తన పేరున పంపిన రగడ ఒకటి జరిగింది. దాంతో మావ 'సూడు'లో ఒక నిబంధన కలిపాడు. మెయిల్ మీద పేరూ ప్యాచ్ కింద పేరూ ఒకటి కాకపోతే అది తీసుకోదు. పేరు సరిచూసుకుని మళ్ళీ పంపండి అని తనే జవాబు పంపేసి, పక్కన పడేస్తుంది. ఇంట్లో కంప్యూటరు మీద అదంతా దానంతటదే నడిచిపోయేది. జవాబు మర్యాదగానే ఉండేది. ఎన్నిసార్లు పంపినా అదే మర్యాద.

మా వైపు మనిషి రాయవలసిన నిబంధన కాదది. మా ఇళ్ళలో ఒకరికి మెయిల్ ఉంటే దాని మీదే అందరూ బతికేస్తారు. అన్నయ్య మెయిల్‌కి చెల్లెలి హాల్ టికెట్టు వస్తుంది, ఎదురింటి పిన్ని గారి రైలు టికెట్టూ అందులోకే వస్తుంది. అంతెందుకు, అత్త ఫోన్‌లో ఉన్న మెయిల్ నా పేరున తెరిచింది. ఇది మావకే తట్టలేదు. ఒకరోజు ఆస్పత్రిలో ల్యాప్‌టాప్ చార్జింగ్ అయిపోతే అత్త ఫోన్‌లోంచి చిన్న దిద్దుబాటు ఒకటి పంపాడు. కాసేపటికి ఆయన మర్యాద ఆయనకే తిరిగొచ్చింది, పేరు సరిచూసుకుని మళ్ళీ పంపండి అని. నేను పడీ పడీ నవ్వాను. మావ కూడా నవ్వాడు. నవ్వుతున్నవాడు మధ్యలో ఆగిపోయాడు. ఇంటికొచ్చి, పక్కన పడేసిన మెయిళ్ళన్నీ తెరవమన్నాడు.

అందులో విజయనగరం నుంచి ఒకావిడ. పెళ్ళికార్డులు కంపోజ్ చేసే షాపులో పనిచేస్తుందట. అదే ప్యాచ్ మళ్ళీ మళ్ళీ పంపింది, అదే జవాబు మళ్ళీ మళ్ళీ అందుకుంది. చివరి మెయిల్లో ప్యాచ్ లేదు. పేరు నాదే సార్, మెయిల్ మా అన్నయ్యది, నాకు వేరే మెయిల్ లేదు, ఇంక పంపను అని రాసింది. క్షమించమని మెయిల్ కొట్టు మావా అన్నాను.

"మెయిల్లోనే కదే తన్నేసినాం" అన్నాడు.

ఆస్పత్రి లేని రోజు చూసుకుని విజయనగరం బస్సెక్కాం. అత్త తిట్టని తిట్టు లేదు. తిడుతూనే సంచిలో మందులూ, కొలిచిన నీళ్ళ సీసా సర్దింది. మెయిల్ కింద షాపు పేరు ఉండబట్టి సరిపోయింది, మూడు లాంతర్ల కూడలి దగ్గర ఒక సందులో దొరికింది. ఆవిడ శుభలేఖ ఒకటి కంపోజ్ చేస్తూ, తల తిప్పకుండానే కార్డులకా అని అడిగింది. మావ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"మీ ప్యాచ్ తిప్పి పంపింది నానేనమ్మా" అన్నాడు.

ఆవిడ అప్పుడు చూసింది. "మీరా? మిషినీ అనుకున్నాను."

"మిషినీయే. దానికలగ సెప్పమని నేర్పింది నాను."

నిజం చెప్పొద్దూ, ఆ ప్యాచ్ అంత గొప్పదేం కాదు. లక్ష్మి లేని పెళ్ళికార్డు ఉండదు, మా ప్రోగ్రాములో ఆ లక్ష్మిలోని 'క్ష్మి' ముక్కలైపోయేది. ఆవిడ దాన్ని సరిచేసింది గానీ ఆ దెబ్బకి పక్షిలోని 'క్షి' చెడిపోయింది. మావ ఆ మాట దాచకుండా చెప్పాడు. ఆవిడ కీబోర్డు ఆయన వైపు జరిపితే తీసుకోలేదు. పక్కన స్టూలు మీద కూర్చుని ఆవిడ చేతే దిద్దించాడు. కార్డుల కోసం వచ్చిన పెళ్ళివారు అసలేం జరుగుతోందో తెలియక బల్ల మీద సర్దుకుని కూర్చున్నారు. లక్ష్మీ పక్షీ రెండూ కుదిరాక ఆవిడ, ఇదే మొదట్లో చెప్పుంటే మొదట్లోనే దిద్దేదాన్ని కదా సార్ అంది. కోపంగా అనలేదు. మావకి అదే ఎక్కువ తగిలింది.

మర్నాడు ఆస్పత్రి మంచం మీంచే ఆ నిబంధన తీసేశాడు. దాంతో ఆగలేదు. స్క్రిప్టు సొంతంగా జవాబు పంపే పద్ధతే ఎత్తేశాడు. తేవడం, అతికించడం, నూరడం అన్నీ అదే చేస్తుంది. జవాబు దగ్గరికొచ్చేసరికి ఖాళీ పేజీ ఒకటి తెరిచి ఆగిపోతుంది. నాకు ఒళ్ళు మండింది. ఒంటిచేత్తో అన్ని జవాబులు రాస్తూ కూర్చుంటే ఉన్న ఓపికంతా అక్కడే పోతుంది, ఇన్ని స్క్రిప్టులు రాసి ఏం లాభమని అడిగాను. ఆయన దగ్గర ఇంక ఎంత ఓపిక మిగిలి ఉందో అప్పటికే మా అందరికీ తెలుసు, ఆయనకీ తెలుసు.

"మిగిల్సిన టైము దేనికనుకుంతన్నావే?" అన్నాడు. "ఇందుకే."

ఉన్నన్నాళ్ళూ అలాగే చేశాడు. ఔనన్నవాళ్ళకి రెండు ముక్కలు రాసేవాడు, కాదని చెప్పవలసినవాళ్ళకి ఎక్కువ రాసేవాడు. విజయనగరం ఆవిడ సొంత మెయిల్ తెరుచుకుంది. ఆవిడ పంపినవి కొన్ని కలిశాయి, కొన్ని కలవలేదు. కొన్నాళ్ళకి వేరేవాళ్ళ ప్యాచ్‌లు కూడా చదివి మావకి సాయపడటం మొదలుపెట్టింది. నాకు పెద్ద కాలేజీలో చదువు చెప్పించారు, పెద్ద కంపెనీలో ఉద్యోగం ఇచ్చారు. పని ఎలా చెయ్యాలో మాత్రం ఆ మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నేర్చుకున్నాను. మావంటే నాకు చాలా ఇష్టం. ఆయనతో రోజూ దెబ్బలాడటమే తప్ప ఈ మాట అనవలసిన అవసరం మా ఇద్దరికీ ఎప్పుడూ రాలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆయన కంప్యూటరు తెరిచాను. పార్వతీపురం నుంచి ఒక పెద్దాయన, వాళ్ళ నాన్నగారు రాసిన నాటకాలు యూనికోడ్‌లోకి మార్చుకుంటున్నాయన, ప్యాచ్ పంపి ఉన్నారు. దానికి మావ మొదలుపెట్టి వదిలేసిన జవాబు తెర మీద ఉంది. "అయ్యా, మీ ప్యాచ్ శ్రద్ధగా చదివాను." అంతే. ఔనో కాదో లేదు. నేను ప్యాచ్‌ని నడిపించి చూశాను. నిలబడలేదు.

మావ పోయారని ఒక ముక్క రాసి ముగించేద్దామనుకున్నాను. అత్త వెనక నుంచి వచ్చి ఎవరిదే అని అడిగితే చెప్పాను.

"మరి బాగుందేటి ఆయన పంపింది?"

"లేదత్తా. ఒకచోట చెడింది."

"అయితే అదే సెప్పు. ఇన్నాళ్ళై ఎదురుసూస్తంటాడు."

పొయ్యి మీద అన్నం దించేసి వచ్చి నా పక్కన కూర్చుంది. మావ రాసిన వాక్యాన్ని అలాగే ఉంచి, దాని కింద నుంచి నేను రాశాను, ఏం రాస్తున్నానో అత్తకి చెబుతూ. కుదరదు అని రాసిన చోట ఆపింది. పెద్దాయన కదా, ఇంకో మంచి మాట కలపమంది. కలిపాను. చివర్లో, ఇందులో మొదటి వాక్యం మా మావది, ఆయన ఇక లేరు, మిగతాది నాది అని రాసి నా పేరు పెట్టి పంపాను. పంపాక కూడా అత్త లేవలేదు. లోపల అన్నం చల్లారిపోతోంది. పార్వతీపురంలో ఆయన అది తెరిచి చదవడం ఇక్కడికి కనబడుతుందన్నట్టు, ఆవిడ తెర వైపే చూస్తూ కూర్చుంది.